పీతల పిట్టను చూసిన శుక్రవారం

కడప జిల్లాలో ఒక చిన్న ఊరి బజారులో మా నాయనకు, ఇద్దరు చిన్నాయనలకు కలిపి పాత్రల అంగడి ఉండేది. నేను నడక నేర్చింది ఇత్తడి బిందెల మధ్యే. అక్కడ నాకు అబ్బిన పెద్ద చదువు ఒకటుంది. నచ్చిన సామాను వైపు చూడకూడదు. బిందె కావాలంటే చెంబును బేరం చేయాలి. చెంబు ధర విని విసుక్కుని, లేచి చీర దులుపుకుని, పోయే ముందు మర్యాద కోసం అడిగినట్టు "పోనీ ఆ బిందె ఎంత?" అనాలి. కొనడానికి వచ్చే ఆడవాళ్లు ఈ ఎత్తులు వేస్తుంటే గల్లాపెట్టె పక్కన కూర్చుని చూసేదాన్ని. వాళ్ల ఎత్తులు మా నాయనకు తెలుసు, మా నాయనకు తెలుసని వాళ్లకూ తెలుసు. అయినా ప్రతిసారీ ఆ ఆట మొత్తం ఆడాల్సిందే. కువైట్‌కు వచ్చేటప్పుడు పెట్టెలో ఊరగాయల సీసాల నుంచి ఉన్ని దుప్పటి దాకా సర్దుకున్నాను గానీ ఇక్కడ అక్కరకొచ్చింది ఈ ఆట ఒక్కటే.

ఎగైలాలో నేను వంట చేసే ఇంట్లో సెలవు కూడా ఇలాగే సంపాదించాను. ఇక్కడ యజమానురాలిని మామా అంటాము; మామాను నేను ఉత్త శుక్రవారం అడగలేదు. గురువారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుటి దాకా కావాలన్నాను. ఆమె మొదట నవ్వింది. తర్వాత కోప్పడింది. పక్కింటి వంటామెకు నెలకు ఒక్క పూటేనని ఆ ఇంటి పేరు పెట్టి మరీ చెప్పింది. నేను ఆ పక్కింటామె వండే మజ్బూస్, అదే మాంసం అన్నం, ఎంత చప్పగా ఉంటుందో ఎత్తాను. చివరికి శుక్రవారం తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు దాకా అని బేరం తెగింది. "ఖలాస్" అంది మామా, ఇంక మాట లేదన్నట్టు. మొదటి నుంచీ నాక్కావలసింది అదే. ముఖం మాత్రం ఇల్లు మునిగినదానిలా పెట్టుకుని వంటింట్లోకి పోయాను.

మామా గురించి ఒక మాట రాయకపోతే తప్పవుతుంది. ఒకసారి ఖలాస్ అన్నాక ఆమె వెనక్కి పోలేదు. చుట్టాలందరూ భోజనానికి దిగిన శుక్రవారం కూడా నాకు ఫోన్ చేయలేదు. బయటి నుంచి తెప్పించుకుని తిన్నారు. మరునాడు ఆ ఖాళీ ట్రేలన్నీ సింకులో నా కోసం ఎదురుచూశాయనుకోండి. కానీ అది శనివారం పని.

నా శుక్రవారాలు మామూలుగా మాలియాలో గడిచేవి. బస్సులన్నీ వచ్చి చేరే ఆ చోట మన జిల్లాల వాళ్లందరూ తేలుతారు. అర్దియాలో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే చెల్లెలొకామె అక్కడే పరిచయం. సొంత చెల్లెలు కాదు, అన్నమయ్య జిల్లా మనిషి. నన్ను అక్కా అంటుంది, నేను చెప్పిన మాటల్లో సగం వింటుంది. సొంత చెల్లెళ్లు అంత కూడా వినరు.

ఒక శుక్రవారం బస్సులో మా ముందు సీటాయన ఫోన్‌లో పిట్టల బొమ్మలు చూసుకుంటున్నాడు. కోనసీమ మనిషి, మంగఫ్‌లో ఒక కంపెనీ స్టోర్సులో పని. ఊళ్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పాడట, అందుకని అందరూ మాస్టారంటారు. మేము తొంగిచూస్తున్నామని గమనించి ఫోన్ మా వైపు తిప్పాడు. నెలకోసారి మినీబస్సు మాట్లాడుకుని సముద్రం ఒడ్డున పిట్టల్ని చూడ్డానికి పోతారట, అందరూ తెలుగువాళ్లేనట. "మీరూ రండమ్మా, మనోళ్లమేగాండీ" అన్నాడు. ఊరికే వచ్చేదాన్ని కాదనే అలవాటు మా వంశంలో లేదు. చెల్లెలు అడగకముందే ఇద్దరికీ ఒప్పుకున్నాను.

అలా రెండుసార్లు పోయాము, చలికాలంలో. ఆ రెండుసార్లూ ఏం జరిగిందో అప్పుడు నాకు తట్టలేదు. మినీబస్సు దిగగానే టీ ఫ్లాస్కు నా చేతిలో ఉంది, టిఫిన్ డబ్బాల సంచి చెల్లెలి చేతిలో ఉంది. ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఒక ఇంజనీరుగారి భార్య సంచి అందించింది, మేము అందుకున్నాము, అంతే. ఇన్నేళ్లుగా ఎవరు ఏది చాచినా పట్టుకోవడం అలవాటైన చేతులు ఇవి. నన్నడగవు. గుంపులో పది పదిహేను మంది ఉండేవాళ్లు. నర్సులు, డ్రైవర్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, రెండు మూడు కుటుంబాలు. అందరూ పిట్టల్ని చూశారు. మేమిద్దరం వాళ్లు చూస్తుంటే చూశాము. రాజహంసలు మటుకు ఎవరి సాయమూ లేకుండా కనపడ్డాయి, గులాబీ రంగు చీర ఆరేసినట్టు. అంత మందికి కనపడే సరుకు మీద నాకు మోజు లేదు.

నా మోజు వేరే. మాస్టారి ఫోన్‌లో ఒక బొమ్మ చూశాను. తెల్లటి ఒళ్లు, వీపున నల్లటి పట్టీ, ఒంటికి మించిన నల్లటి ముక్కు. పీతల్ని తింటుందట. ఇసుక దిబ్బల్లో బొరియ తవ్వి అందులో గుడ్డు పెడుతుందట. "దీనికి తెలుగులో పేరేవిటో నాకు దొరకలేదండీ, నేను పీతల పిట్ట అంటానండీ" అన్నాడు మాస్టారు. ఎండలు ముదిరితే అవి దీవులకు పోయి గుడ్ల పనిలో పడతాయని, ఆ లోపల ఒడ్డుకు వస్తే ఒకటో రెండో వస్తాయని చెప్పాడు. ఎంత తక్కువ వస్తే నాకు అంత కావాలనిపించింది. అంగడి బుద్ధి. ఆ బొమ్మ చూసినప్పుడు నేను ఆవలించాను కూడా. మాస్టారు పాపం నాకు విసుగేసిందనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మూడోసారి పోయింది ఎండలు ముదరబోయే రోజుల్లో. సులైబిఖాత్ తీరం. అక్కడ ఇసుక ఉండదు, అంతా బురద. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు ఒడ్డు రాళ్ల దాకా వస్తాయి, పిట్టలన్నీ మనిషికి దగ్గరగా చేరతాయి. నీళ్లు వెనక్కి తీస్తే కిలోమీటర్ల కొద్దీ బురద తేలుతుంది, పిట్టలు నీళ్ల అంచు వెంబడి దూరం పోతాయి. ఇంక ఎంత పెద్ద టెలిస్కోపుకైనా అవి నూగింజలే. బస్సులోనే మాస్టారు అందరికీ ఇది విడమర్చి చెప్పాడు. పోటు ఉన్నంతసేపే పని కానివ్వాలి. టెలిస్కోపు ఒక్కటే, ఇంజనీరుగారిది. కాబట్టి వంతులు.

దిగేసరికి నీళ్లు రాళ్లను తాకుతున్నాయి. వేడి గాలి, దానిలో ఉప్పు, బురద వాసన. అవతల సిటీ మేడలు దుమ్ములో సగమే ఉన్నాయి. ఒడ్డంతా కదులుతోంది. చిన్నా పెద్దా పిట్టలు పరుగెడుతున్నాయి, గుచ్చుతున్నాయి, కసురుకుంటున్నాయి. మా ఊరి బజారు సంతరోజు ఇలాగే ఉంటుంది. ఇంజనీరుగారు మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి కన్ను ఆనించారు. మాస్టారు బైనాక్యులర్స్‌తో అటూ ఇటూ వెతికి, ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"వచ్చిందండీ. ఆ రాళ్ల గుట్ట పక్కన చూడండి. పీతల పిట్ట."

అటు రెండడుగులు వేశాను. చేతిలో ఫ్లాస్కు ఉంది.

"ముందు అందరికీ టీ పోసెయ్యమ్మాయ్, చల్లారిపోతుంది" అంది ఇంజనీరుగారి భార్య. నాకంటే కనీసం పదేళ్లు చిన్నది. నన్ను నువ్వంటుంది, నేను మేడం అంటాను. ఇది ఎవరూ రాసుకోని ఒప్పందం.

పోశాను. వరసలో నిలబడ్డవాళ్లు ఒక చేత్తో కప్పు పట్టుకుని, రెండో చెయ్యి నడుము మీద పెట్టుకుని వంతు కోసం చూస్తున్నారు. ఒకరు చక్కెర తక్కువన్నారు. ఒకరు పిల్లవాడికి పాలు విడిగా ఉన్నాయా అన్నారు. వరస జరిగినప్పుడల్లా నేను దాని పక్క నుంచి కప్పులతో వెనక్కి పోతున్నాను. కన్ను ఆనించి చూసినవాళ్లు "అబ్బ" అని లేస్తున్నారు. ఆ అబ్బలన్నీ నా చెవిన పడుతున్నాయి. చెల్లెలు ఇడ్లీల డబ్బా మూత తీసి పొడి, నెయ్యి కలుపుతోంది. దాని చూపు కూడా రాళ్ల గుట్ట వైపే.

అప్పుడు మాస్టారు నీళ్ల వైపు చూసి, "తీసేత్తందండీ. చూసేవోళ్లు బేగా చూసెయ్యాలండీ, కాసేపట్లో అంచు మీదకెళ్లిపోద్దండీ" అన్నాడు.

నిజమే, ఇందాక నీళ్లలో ఉన్న రాళ్ల మొదళ్లు తేలాయి. నేను ఫ్లాస్కు వైపు చూశాను. ఇంకా నలుగురికి పోయాలి. ఆ నలుగురికీ పోసి, తాగిన కప్పులు ఏరి, ఇడ్లీలు పంచి, చేతులు కడుక్కుని వస్తే నా కోసం మిగిలేది బురద. ఎగైలా వంటింట్లో మామా ముందు నిలబడి, ముఖం మాడ్చుకుని, పోరి తెచ్చుకున్న శుక్రవారం ఇది. మామా దగ్గర నుంచి బిందె తెచ్చుకుని మనవాళ్లకు చెంబు ధరకు ఇచ్చేస్తున్నాను. ఆ చెంబు ధరైనా ఎవరూ అనలేదు, మనవాళ్లమే కదా అన్నారు. అంగడికి వచ్చి మనవాళ్లమే కదా అన్నవాళ్లంటే మా నాయనకు ఎందుకంత భయమో నాకు ఆ ఒడ్డున తెలిసింది.

ఫ్లాస్కును రాయి మీద పెట్టి పోయి వరసలో నిలబడ్డాను.

మేడం గమనించింది. "ఏమైంది? వాళ్లకింకా పొయ్యలేదుగా?"

"పొయ్యలేదు మేడం. ముందు పిట్టను చూస్తా."

"పిట్టెక్కడికి పోతుంది? ఇదయ్యాక నేనే దగ్గరుండి చూపిస్తాగా."

మా అంగడిలో గోడకు "అప్పు రేపు" అని బోర్డు ఉండేది. నాకు ఆ బోర్డు కనపడింది. "మీరు ముందు చూపీండి మేడం. టీ సంగతి ఆమీట మాట్లాడుకుందాం" అన్నాను.

ఆమె ఒక్కక్షణం నన్ను కొత్తగా చూసింది. చెడ్డ మనిషి కాదు. చలికాలంలో చెల్లెలికి జ్వరమొస్తే మంగఫ్ నుంచి అర్దియా దాకా మందులు తెచ్చిచ్చింది. నేను ఆ మాట మర్చిపోలేదు. కానీ మందులు తెచ్చిన చేత్తోనే ఆమె సంచి అందిస్తుంది, మధ్యలో తేడా ఉందని ఆమెకు తోచదు.

"టీ పొయ్యడానికి కూడా బేరమా?" అంది. గొంతు పెరిగింది. "మీ ఇంట్లో మామాతో ఇలాగే చెప్తావా?"

"చెప్పినా మేడం" అన్నాను. "ఆయమ్మ ఒప్పుకుంది. ఈ దినం నాకు సెలవు. కూలి ఇచ్చే మామాకే ఇయ్యని దినం, మీకెట్లా ఇస్తా?"

వరస మొత్తం కప్పుల్లోకి చూసింది. అంత ఆసక్తిగా టీని చూసేవాళ్లను నేను మళ్లీ చూడలేదు. నా వెనక డబ్బా మూత పడిన చప్పుడైంది. "నాకూ సెలవే మేడం" అంది చెల్లెలు, వచ్చి నా వెనక నిలబడుతూ. మాస్టారు ఎవరి టీ వాళ్లం పోసుకుందామండీ అని ఏదో సర్దబోయాడు. మేడం ఆయన్ని ఊరుకోమంది. మాటలు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు సులభంగా ఉండేది. గొడవలో నాకు అనుభవం ఉంది, మౌనంలో లేదు.

నా ముందున్న ఇద్దరు కుర్రడ్రైవర్లు పక్కకు తప్పుకున్నారు, గౌరవంతోనో భయంతోనో. ఇంజనీరుగారు మటుకు ఇవేవీ విననట్టు టెలిస్కోపుకు కన్నానించే ఉన్నారు. భార్య కోపంగా ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ అంత దూరంలోనే ఉంటారనుకుంటాను. "సార్, నా వంతు" అన్నాను. ఉలిక్కిపడి లేచి, భార్య వైపు, నా వైపు చూసి, రెండడుగులు వెనక్కి వేశారు.

వంగి కన్ను పెట్టాను. మొదట నా రెప్పలే కనపడ్డాయి. తర్వాత వెలుతురు. దాని మధ్యలో అది.

రాళ్ల గుట్ట పక్కన పలచటి నీళ్లలో ఒంటరిగా నిలబడి ఉంది. బొమ్మలో కంటే తెల్లన. నల్ల పట్టీ ఎవరో కొలిచి కుట్టినట్టుంది. రెండడుగులు నిదానంగా వేసింది. ఆగింది. తర్వాత ఉన్నట్టుండి పరుగెత్తి బురదలోంచి ఒక పీతను లాగింది. దాన్ని విదిలించి కొట్టింది. ఒక కాలు ఊడింది, ఇంకో కాలు ఊడింది. దానికి ఏ తొందరా లేదు. చుట్టూ చిన్న పిట్టలు పరుగులు తీస్తుంటే అది ఆ పూట మొత్తం తనదే అన్నట్టు నిలబడి తింటోంది.

ఆ సమయంలో నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ముక్కు లావు. కాళ్లు వెలిసిపోయినాయి. ఏముందిలే దీంట్లో."

నేను అనాలని అనలేదు. ప్రాణం లేచొచ్చినంత నచ్చిన ప్రతిసారీ నా నోరు చేసే పనే అది. మా నాయన పెళ్లిచూపుల్లో మా అమ్మను చూసి, పిల్ల ఎత్తు తక్కువని అన్నాడట. డ్రైవర్లు ఫక్కున నవ్వారు. "దీనికోసమా ఇంత రాద్ధాంతం?" అంది మేడం. జవాబు చెప్పాలంటే కన్ను తీయాలి.

తీయలేదు. ఒక వంతుకు మనిషి ఎంతసేపు చూడాలని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వెనక ఎవరో దగ్గారు. నడుము పట్టేసింది. చెమట కంట్లోకి దిగి మండింది, రెండో కన్ను మార్చాను. పిట్ట ఇంకో పీతను పట్టింది. నీళ్లు తీసేకొద్దీ అది అంచు వెంబడి నడుస్తోంది, నేను టెలిస్కోపు తిప్పుకుంటూ దాని వెంట పోతున్నాను. సగం దూరం పోయాక చెల్లెలిని పిలిచి నా చోట వంచాను. కన్ను తీయకుండానే మెల్లగా అంది, "అక్కా, కాళ్లు ఇరిచి మరీ తింటాంది సూడు." దాని గొంతులో నేను దాచుకున్నదంతా బయటపడింది. అదింకా బేరాలు నేర్చుకోలేదు.

మేము లేచేసరికి మిగతావాళ్లు తమ టీ తాము పోసుకున్నారు. సగం రాళ్ల మీద ఒలికింది. చల్లారిన టీని అందరూ బాగుందన్నట్టే తాగారు.

ఎండ నడినెత్తికి రాకముందే మేడం బయల్దేరదామంది. సామాన్లు సర్దారు. ఈసారి సంచి ఎవరూ అందించలేదు, మేమూ చెయ్యి చాచలేదు. నేను మినీబస్సు మెట్టు మీద కాలు పెట్టాను. లోపల మేడం మాస్టారితో అంటోంది, అందరికీ వినపడేలా.

"వచ్చేసారి నుంచి ఫ్యామిలీస్ మాత్రమే పెట్టుకుందాం మాస్టారూ. ఎవరుపడితే వాళ్లొస్తే ఇలాగే ఉంటుంది."

కాలు వెనక్కి తీశాను. కొనేవాళ్ల ఎత్తుల్లో ఆఖరిది ఇదే, అంగడి మెట్టు దిగిపోవడం. దిగినవాళ్లు నిజంగా పోవాలని దిగరు. వెనక్కి పిలుస్తారని దిగుతారు. ఆ రోజు నేను దేనికి దిగానో దిగేదాకా నాకే తెలియదు.

"మాస్టారూ, మీరు పోండి. మా సెలవు మగ్రిబ్ దాకా ఉండాది" అన్నాను.

ఆయన గబగబా కిందికి దిగాడు. "ఎండలో ఏం చేత్తారమ్మా? ఆవిడ మాటలకేవుందండీ, ఎక్కెయ్యండి" అన్నాడు. ఆయన ముఖం చూస్తే ఎక్కేద్దామనిపించింది. కానీ ఎక్కితే ఆయన కోసం ఎక్కినట్టు. మళ్లీ ఎవరికోసమో. వద్దన్నాను. ఆయన లోపలికి పోయి నీళ్ల సీసాలు తెచ్చిచ్చి, మాలియా బస్సు ఆగే చోటికి దారి చూపించాడు. దగ్గరే. తర్వాత ఎక్కి తలుపు మూశాడు.

బస్సు వెంటనే కదల్లేదు. నిజం చెప్పాలంటే నేను చెవులు రిక్కించాను. పిలుస్తారేమోనని. అంగడి రక్తం, ఏం చేయను? ఎవరూ పిలవలేదు. ఇంజన్ గుర్రుమంది, దుమ్ము రేపుకుంటూ బస్సు మెయిన్ రోడ్డు ఎక్కింది.

"బేరం చెడింది కదక్కా" అంది చెల్లెలు.

"యాడ చెడింది? సరుకు మన చేతిలోనే ఉండాది."

ఒడ్డున కాంక్రీటు గొడుగొకటి ఉంది, కింద సిమెంటు బెంచీ. బెంచీ సగమే నీడలో ఉంది. ఆ సగంలో ఇద్దరం ఇరుక్కున్నాము. గెలిచినవాళ్లు ఎండలో, ఓడినవాళ్లు ఏసీ బస్సులో. ఈ లెక్క మా నాయనకు చెప్తే తల కొట్టుకునేవాడు. చెల్లెలు తన చేతిసంచిలోంచి ఇడ్లీల డబ్బా తీసింది. ఎప్పుడు దాచిందో అడగలేదు. అవి వండిందీ అదే, తెల్లవారుజామున లేచి. ముందుగా తానే ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. ఇంకెవరికీ పెట్టకుండా అది తినడం నేను చూడటం అదే మొదలు.

సముద్రం చాలా దూరం పోయింది. ఎటు చూసినా బురద మెరుస్తోంది. ఆ చివర ఎక్కడో నీళ్ల గీత, గీత మీద చుక్కలు. వాటిలో ఒకటి మాది కావచ్చు, కాకపోవచ్చు. వచ్చే నెల ఈ గుంపు నన్ను పిలవదు. పిలవకపోయినా ఈ ఒడ్డు ఎవరి టెలిస్కోపు కాళ్ల మీదా నిలబడి లేదు, మాలియా నుంచి ఇక్కడికి బస్సుంది.

చెల్లెలు చేతులు దులుపుకుని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏమన్నా కనపడతాందా అక్కా?"

"ఏమీ కనపడలా."

"మరి మాలియాకు పోదామా? మనోళ్లు ఉంటారు."

"పోదాంలే. కూచో."

కూర్చుంది. చెప్పులు విప్పి, నీడ దాటి ఎండలోకి పోయేంతగా కాళ్లు చాపింది. నేనూ చాపాను. మగ్రిబ్‌కు ఇంకా చాలా పొద్దుంది.